పది సెకన్ల విరామం

రాజభవనం వెనక ఉన్న ఉద్యానవనాన్ని సందర్శకులకు చూపించాలంటే తోట గురించి తెలిసి ఉండాలన్న నియమం లేదు. ఆమోదిత పాఠం కంఠతా రావాలన్న నియమం ఉంది. పాఠం నలభై రెండు పేజీలు, పద్నాలుగు మజిలీలు, యాభై ఐదు నిమిషాలు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ చెయ్యి చాపాలో, ఎక్కడ చిరునవ్వు నవ్వాలో కూడా అందులో రాసి ఉంటుంది. లైసెన్సు పరీక్షలో వంద మార్కులుంటే, పాఠంలో ఉన్న మాటను ఉన్నట్టు చెప్పినందుకే నలభై. మొక్క పేరు తెలిసినందుకు ఏమీ లేవు.

వీధి చివర దర్జీ కొట్టు నడిపే ఆవిడకు ఒక్కడే కొడుకు. ఆ కొడుకు భార్య ఈ పరీక్ష రెండుసార్లు తప్పింది. మొదటిసారి, ఒక ముసలాయన మెట్లు దిగేదాకా ఆగినందుకు నాలుగు నిమిషాలు ఆలస్యమైంది. రెండోసారి ‘విశాలమైన’ అని ఉన్నచోట ‘పెద్ద’ అంది. మూడోసారి కూడా తప్పితే దినసరి గైడ్ల జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. నాలుగేళ్ళుగా ఆమె గుర్రపుశాలలు చూపిస్తోంది. లైసెన్సు లేనివాళ్ళకు ఇచ్చేవి అవే. గుర్రాలు పోయి ఎనభై ఏళ్ళయింది. ఉన్నవల్లా నూట ఇరవై ఖాళీ గదులు, ఒక జీను. నాలుగేళ్ళు ఒక జీను గురించి మాట్లాడిన మనిషికి తోట మీద ఆశ పుట్టడంలో వింత లేదు.

పరీక్షకు మరో నియమం ఉంది. కనీసం ఆరుగురు సందర్శకులుండాలి, వాళ్ళను అభ్యర్థే తెచ్చుకోవాలి. పదకొండో నియమం ప్రకారం వాళ్ళు అభ్యర్థికి బంధువులు కాకూడదు. పరీక్షలు మంగళవారం ఉదయం పెడతారు. మంగళవారం ఉదయం పని మానుకుని, అంతకుముందు నాలుగుసార్లు చూసిన తోటను మళ్ళీ చూడటానికి పరాయివాళ్ళు ఎవరూ రారు. అందుచేత ఇప్పటిదాకా లైసెన్సు తెచ్చుకున్న ప్రతి గైడూ బంధువులనే పరాయివాళ్ళుగా తెచ్చుకున్నాడు. ఇది కార్యాలయంలో అందరికీ తెలుసు, తెలియనట్టు ఉండటం కూడా అందరికీ వచ్చు.

కోడలు ఆరుగురిని పోగుచేసింది. అత్తగారు, భర్త, భర్తకు అక్కయ్య అయిన వదిన, మందుల కొట్లో పనిచేసే తన బాబాయి, పై వాటాలో అద్దెకుండే దంపతులు. ముందురోజు సాయంత్రం దర్జీ కొట్లోనే రిహార్సల్ పెట్టింది. తనను ఎవరూ పేరు పెట్టి పిలవకూడదని, ‘మేడమ్’ అనాలని, ‘మీరు’ అనాలని చెప్పింది. బాబాయికి విడిగా చెప్పింది, ప్రశ్నలు అడగొద్దని. ప్రశ్నలు అడగని సందర్శకుడిని ఎవరు నమ్ముతారని బాబాయి వాదించాడు. చివరికి ఒకటి అడగడానికి ఒప్పందం కుదిరింది.

అత్తగారు కాజాలు కుడుతూ విన్నారు. ‘మీరు’ అనడం తనవల్ల కాదన్నారు. పోనీ ఏమీ అనకుండా ఊరుకుంటానన్నారు. ఆవిడ ఊరుకోవడం ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరూ చూడలేదు.

“అమ్మకు రిహార్సల్ ఎందుకు?” అంది వదిన. “నాలుగేళ్ళుగా నిన్ను పరాయిదానిలాగే చూస్తోంది కదా. రేపూ అలాగే చూడమను, సరిపోతుంది.”

భర్త నవ్వబోయి, తల్లి వైపు చూసి, మానుకున్నాడు.

అత్తగారి సంగతి ఒకటి చెప్పాలి. ముప్పై ఆరేళ్ళుగా కోట్లు కుడుతున్నారు. ఎవరైనా ఎదురుగా వస్తే ముందు భుజం కుట్టు చూస్తారు, తర్వాత ముఖం. పెళ్ళిచూపుల్లో కోడలిని చూసి వచ్చి, పిల్ల ఎలా ఉందని ఎవరో అడిగితే, జాకెట్టు వెనక పట్టీ అరంగుళం పక్కకు పోయిందని చెప్పిన మనిషి. తప్పు కనిపిస్తే చెప్పకుండా ఉండటం ఆవిడ దృష్టిలో అబద్ధంతో సమానం. ఒప్పు కనిపిస్తే మాత్రం చెప్పవలసిన అవసరం ఏముందని ఆవిడ ప్రశ్న. బాగున్నదాన్ని బాగుందనడానికి మళ్ళీ ఒక నోరెందుకు అంటారు.

మర్నాడు తొమ్మిదిన్నరకు అందరూ గేటు దగ్గర చేరారు. పరీక్షకు వచ్చిన సందర్శకులకు ఉచిత ప్రవేశం. అత్తగారు మాత్రం వరసలో నిలబడి టికెట్టు కొనుక్కున్నారు. ఊరికే చూసినవాటి గురించి నోరెత్తే హక్కు ఉండదని కొడుకుతో అన్నారు. నోరెత్తే పని లేదు కదమ్మా అని అతను గుర్తుచేశాడు.

పరీక్షాధికారి పది గంటలకు వచ్చాడు. చేతిలో అట్ట, అట్ట మీద పాఠం, మెళ్ళో స్టాప్‌వాచీ. ముప్పై మూడేళ్ళ సర్వీసు. సందర్శకులను ఒక్కసారి చూశాడు. వదినకూ భర్తకూ ఒకటే ముక్కు. ఆ విషయం ఆయన గమనించలేదని చెప్పలేం. స్టాప్‌వాచీ నొక్కాడు.

మొదటి నాలుగు మజిలీలు సాఫీగా గడిచాయి. ఇనుప గేటు, సున్నపురాయి సింహాలు, రాణిగారు నడిచిన బాట, రాణిగారు నడవని బాట. కోడలి నోట మాట పొల్లుపోలేదు. ‘విశాలమైన’ అన్నచోట ‘విశాలమైన’ అంది. ఐదో మజిలీలో ఫౌంటెన్ ఉంది. పాఠం ప్రకారం నీరు ఇరవై అడుగులు ఎగురుతుంది. ఆ రోజు మోటారు బాగుచేస్తున్నారు. కోడలు నీరు లేని తొట్టి వైపు చెయ్యి చాపి, ఇరవై అడుగులు ఎగురుతున్న నీటిని చూడమంది. పై వాటా దంపతులు తలెత్తి చూశారు. పరీక్షాధికారి టిక్కు పెట్టాడు.

ఆరో మజిలీలో బాబాయి తన వాటా ప్రశ్న అడిగాడు. ఈ పొదలకు పురుగుమందు ఏది వాడతారు, నీళ్ళలో ఎన్ని పాళ్ళు కలుపుతారు, చర్మానికి తగిలితే ఏ పూత రాయాలి అని. ఒక ప్రశ్న అన్నది మూడు అయింది. పాఠం చివర అరవై ఒక్క ప్రశ్నలకు జవాబులున్నాయి. పురుగుమందు వాటిలో లేదు. లేని ప్రశ్నకు కార్యాలయంలో కనుక్కోవచ్చని చెప్పాలి. కోడలు అలాగే చెప్పింది. బాబాయి సంతృప్తిగా తల ఊపి, “శభాష్ తల్లీ” అన్నాడు. అని నాలిక కరుచుకున్నాడు. పరీక్షాధికారి అట్ట మీద ఏదో రాసుకున్నాడు. గుమ్మడికాయ దొంగ ఎవరని ఎవరూ అడగకముందే భర్త భుజాలు తడుముకుంటున్నట్టు నిలబడ్డాడు.

అత్తగారు మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. అందరికీ అదే భయంగా ఉంది.

తొమ్మిదో మజిలీ మెట్ల మీది అరుగు. ఇరవై ఎనిమిది మెట్లెక్కితే కింద తోటంతా ఒకేసారి కనిపిస్తుంది. పాఠంలో ముఖ్యమైన భాగం ఇదే, మూడు పేజీలు. మధ్యలో కంకర బాట. దానికి ఎడమ పక్క సగం, కుడి పక్క సగం. మోకాలెత్తు పొదలను తీగల ఆకారంలో కత్తిరించి, చుట్టలు చుట్టినట్టు పెంచారు. గైడ్ ఇక్కడ నిలబడవలసిన చోట రాతి పలక మీద గీత గీసి ఉంటుంది. ముఖం సందర్శకుల వైపు, వీపు తోట వైపు. కోడలు లోగడ రెండుసార్లు అక్కడ నిలబడింది, రెండుసార్లూ వీపుతోనే. పాఠంలో తోట బొమ్మ ఉంది కానీ అది ఎడమ సగం బొమ్మ. కింద ‘కుడి సగం కూడా ఇదే విధంగా గ్రహించునది’ అని అచ్చువేశారు.

ఆమె గీత మీద నిలబడి చెప్పింది. రెండువందల నలభై ఏళ్ళ కిందట మహారాజుగారు ఈ ఉద్యానవనాన్ని అద్దంలో ప్రతిబింబంలా వేయించారు. ఎడమ సగానికి కుడి సగం ప్రతిబింబం. ఒక ఆకు కూడా తేడా లేదు. ఇక్కడ పాఠంలో ఒక సూచన ఉంది. ‘మీలో ఎవరైనా తేడా చూపగలరా?’ అని అడిగి, పది సెకన్లు ఆగి, చిరునవ్వుతో ‘లేదు కదా’ అనాలి. పది సెకన్ల కంటే ఎక్కువ ఆగితే ఒక మార్కు, తక్కువ ఆగితే ఒక మార్కు పోతుంది.

“మీలో ఎవరైనా తేడా చూపగలరా?” అంది కోడలు. మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

అత్తగారు అప్పటికి కొంతసేపుగా తోటను చూస్తున్నారు. ముందు ఎడమ పక్క చూశారు. తర్వాత కుడి పక్క. మళ్ళీ ఎడమ పక్క. కొడుకు అది గమనించి తల్లి పాదం మీద తన పాదం పెట్టాడు. ఆవిడ పాదం వెనక్కి లాక్కున్నారు. నాలుగు సెకన్లయింది. వదిన గట్టిగా దగ్గింది. ఆరు సెకన్లయింది.

“రెండూ ఎడమ చేతులే,” అన్నారు అత్తగారు.

పరీక్షాధికారి పెన్ను ఆగింది.

అత్తగారు వివరించారు. ఆవిడ గొంతులో కోపం లేదు, కొట్లో కొత్తగా చేరినవాళ్ళకు చెప్పినట్టే చెప్పారు. ఎడమ పక్క తీగల తలలన్నీ మధ్య బాట వైపు తిరిగి ఉన్నాయి. అద్దమే అయితే కుడి పక్క తలలు కూడా మధ్య బాట వైపే తిరగాలి. అవి గోడ వైపు తిరిగి ఉన్నాయి.

“కోటుకు చేతులు కత్తిరించేటప్పుడు కాగితం ఒకసారి వెల్లకిలా, ఒకసారి బోర్లా పెట్టాలి. బోర్లా పెట్టడం మర్చిపోతే రెండూ ఒకే పక్క చేతులు వస్తాయి. పని నేర్చుకునేవాళ్ళు మొదటి నెలలో చేసే తప్పే ఇది. ఇక్కడా కాగితం తిప్పలేదు.”

పై వాటా ఆయన మెడ సాచి చూశాడు. ఆయన భార్య, అవునండీ, అంది. బాబాయి, ఒప్పందం మర్చిపోయి, అరచేతులు రెండూ ముందు పెట్టుకుని, ఒకదాన్ని తిప్పి, మళ్ళీ తిప్పి, నిజమేనన్నాడు.

పది సెకన్లు ఎప్పుడో దాటాయి. ఇప్పుడు అనవలసిన మాట ‘లేదు కదా’. చిరునవ్వుతో. రెండు మాటలు. అంటే నలభైకి నలభై. ఆ రెండు మాటలూ కోడలి నోటిదాకా వచ్చినట్టు కనిపించింది. కానీ ఆమె పాఠంలో లేని పని ఒకటి చేసింది. గీత మీద నిలబడే వెనక్కి తిరిగి తోటను చూసింది. ఎడమ పక్క చూసింది. కుడి పక్క చూసింది.

మళ్ళీ సందర్శకుల వైపు తిరిగింది.

“ఉంది,” అంది. తర్వాత పదో మజిలీకి దారి తీసింది.

మిగిలిన ఐదు మజిలీలూ పాఠం ప్రకారమే జరిగాయి. దారిలో పరీక్షాధికారి, ఎవరూ అడగకుండానే, కుడి సగంలో కత్తెర పట్టుకున్న తోటమాలిని పిలిచి, ఈ తోటలో తేడా ఏమన్నా ఉందా అని అందరి ముందూ అడిగాడు. తోటమాలి ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఎడమ సగానికీ కుడి సగానికీ మనుషులు వేరు, హాజరు పుస్తకాలు వేరు, పనిముట్ల గదులు వేరు.

“ఎడమ పక్క సంగతి నాకు తెలియదు సార్. నాది కుడి పక్క. అటు వెళితే వాళ్ళు ఒప్పుకోరు,” అన్నాడతను.

ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా మెట్లెక్కి చూడలేదా అని బాబాయి అడిగాడు. మెట్లు ఊడ్చేవాళ్ళు వేరే ఉన్నారని తోటమాలి చెప్పాడు.

పరీక్ష ముగిశాక సందర్శకులు తలా ఒక అభిప్రాయ పత్రం నింపాలి. ఐదుగురు ‘చాలా బాగుంది’ అని రాశారు. అత్తగారి పత్రంలో సూచనలు అన్న గడి చాలలేదు. వెనక్కి తిప్పి రాశారు. పరీక్షాధికారి ఆరు పత్రాలూ చదువుకుని, అందర్నీ తన గదిలోకి రమ్మన్నాడు.

గదిలో కుర్చీలు రెండు. అత్తగారిని కూర్చోబెట్టారు. గోడ మీద ఒక ఫోటో ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట తెగులు పట్టి తోట కుడి సగం మొత్తం పోయినప్పుడు, దాన్ని మళ్ళీ నాటించిన రోజు తీసింది. అప్పటి డైరెక్టరు రిబ్బను కత్తిరిస్తున్నాడు. ఆయన పక్కన పళ్ళెం పట్టుకున్న కుర్రాడు ఇప్పుడు పరీక్షాధికారి. నాటడానికి కుడి సగం నక్షా దొరకలేదని, ఎడమ సగం నక్షా పెట్టే పని కానిచ్చారని ఆయనే చెప్పాడు. ఆ నక్షా ఒక కొస ఆయన చేతిలోనే ఉందట. కాగితం తిప్పాలని తనకు ఎవరూ చెప్పలేదన్నాడు. అలా నాటినందుకు డైరెక్టరుకు పతకం వచ్చింది.

తర్వాత ఆయన అభిప్రాయ పత్రాలు బల్ల మీద సర్ది, కోడలి వైపు తిరిగాడు.

“అమ్మా, ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. వీళ్ళు మీకేమన్నా అవుతారా?”

ఆ ప్రశ్న ఎందుకు అడుగుతున్నాడో కూడా వివరించాడు. మనిషి మంచివాడు. వీళ్ళు పరాయివాళ్ళయితే పరీక్ష జరిగినట్టే. జరిగితే తొమ్మిదో మజిలీలో ఒకచోట పాఠానికి విరుద్ధంగా చెప్పినందుకు తప్పినట్టు. మూడోసారి కాబట్టి జాబితాలో పేరు ఉండదు. వెనక కూడా రాసి ఉన్న ఈ పత్రం డైరెక్టరు దాకా వెళుతుంది. బంధువులయితే పదకొండో నియమం కింద పరీక్ష చెల్లదు. జరగని పరీక్ష తప్పడం కుదరదు. జరగని పరీక్షకు సందర్శకులు ఉండరు, వాళ్ళ పత్రాలూ ఉండవు. మూడో అవకాశం మూడోదిగానే మిగులుతుంది.

కోడలు ఎక్కువసేపు ఆలోచించలేదు.

“మా అత్తగారు. మావారు. మా వదిన. మా బాబాయి. వీళ్ళిద్దరూ పై వాటావాళ్ళు, బంధువులు కారు, మొహమాటానికి వచ్చారు.”

పరీక్షాధికారి ఆరు పత్రాలనూ నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపి బుట్టలో వేశాడు. ఆయన ముఖంలో అంతకుముందు లేని ఆరోగ్యం కనిపించింది.

“బంధువునైతే చూపు పోతుందా నాయనా?” అన్నారు అత్తగారు.

చూపు పోదని, పత్రం పోతుందని ఆయన వినయంగా చెప్పాడు.

గేటు పక్కన టికెట్ల కిటికీ కింద ఫిర్యాదుల పుస్తకం ఉంటుంది. పేజీలకు అంకెలు వేసి ఉంటాయి కాబట్టి చింపడానికి వీలుండదు. అది టికెట్టు కొన్న ఎవరికైనా అడిగితే ఇవ్వాలి. బయటికి వస్తూ అత్తగారు టికెట్టు చూపించి పుస్తకం అడిగారు. కిటికీ మనిషి దాన్ని వెతకడానికి కాసేపు పట్టింది. పుస్తకానికి దారంతో కట్టిన పెన్ను ఉంది. అది రాయలేదు.

కొడుకు తల్లి చెయ్యి పట్టుకున్నాడు. వచ్చే నెల మళ్ళీ ఆయనే పరీక్ష పెడతాడని, ఇప్పుడు ఇది రాస్తే అప్పుడు ఏం చేస్తాడో తెలియదని, తోటకు రెండు ఎడమ చేతులుంటే మన ఇంట్లో ఎవరికి చలి వేస్తుందని అన్నాడు. తర్కంలో లోపం లేదు. వదిన కూడా మొదటిసారి తమ్ముడితో ఏకీభవించింది.

అత్తగారు కోడలి వైపు తిరిగారు.

“నీ పొట్టకూటి సంగతి. నువ్వు చెప్పు. వద్దంటే పుస్తకం మూసేసి ఇంటికి పోదాం. నేను మళ్ళీ ఈ మాట ఎత్తను.”

ఆ ఇంట్లో నాలుగేళ్ళలో అత్తగారు కోడలి అనుమతి అడగడం అదే మొదలు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి కిటికీ తెరల దాకా ఎక్కడా అడగలేదు. కోడలు గేటు వైపు చూసింది, కిటికీ వైపు చూసింది. పక్కనే గుర్రపుశాలల దగ్గర పదకొండున్నర బృందం ఆమె కోసం నిలబడి ఉంది. ఆమె జేబులోంచి తన పెన్ను తీసి మూత తీసింది.

“రాయండి అత్తయ్యా. అక్షరాలు విడివిడిగా రాయండి. మీ రాత కొలతల పుస్తకంలో మీకు తప్ప ఎవరికీ అర్థం కాదు,” అంది.

అత్తగారు నాలుగు వాక్యాలు రాసి, కింద రెండు కోటు చేతుల బొమ్మలు గీసి, ఏది ఎడమదో ఏది కుడిదో గుర్తులు పెట్టి, సంతకం చేశారు. పెన్ను తిరిగి ఇస్తూ దాని మూత వదులుగా ఉందని చెప్పారు.

ఫిర్యాదు మీద ఐదుగురు సభ్యుల కమిటీ వేశారు. కమిటీ రెండుసార్లు కూర్చుంది. తోటలో కాదు, సమావేశ మందిరంలో. మందిరం కిటికీలోంచి తోట కనిపిస్తుంది కానీ సమావేశాల్లో తెరలు వేస్తారు. కుడి సగాన్ని పీకి మళ్ళీ నాటితే పొదలు పెరగడానికి పదకొండేళ్ళు పడుతుందని ఒకరు చెప్పారు. పాఠం మార్చడానికి మధ్యాహ్నం చాలని మరొకరు చెప్పారు. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న సామెత పాతదయింది. కమిటీ, నాలుగో కాలు మొదటినుంచీ అక్కరలేదని తీర్మానించింది.

నలభై రోజులకు దర్జీ కొట్టు చిరునామాకు ఉత్తరం వచ్చింది. మీ ఆసక్తికి ధన్యవాదాలు అని రాసి, సవరించిన పాఠం పేజీ ఒకటి జతచేశారు. తొమ్మిదో మజిలీలో ‘అద్దం’ తీసేశారు. ప్రశ్న, పది సెకన్లు, చిరునవ్వు తీసేశారు. వాటి స్థానంలో ఇది చేర్చారు: ‘మహారాజుగారు ఎడమచేతి వాటం కలవారు. అందుకు చిహ్నంగా ఉద్యానవనం రెండు సగాలనూ ఎడమ సగం తీరులోనే వేయించారు. ఇటువంటి ఉద్యానవనం ప్రపంచంలో మరొకటి లేదు.’

చివరి వాక్యం నిజం. దర్బారు హాల్లో రాజుగారి నిలువెత్తు చిత్రపటం ఉంది, కత్తి కుడిచేతిలో ఉంది. దర్బారు హాలు వేరే విభాగం కిందికి వస్తుంది.

కోడలు ఆ పేజీ కొట్లో నిలబడి చదివి వినిపించింది. అత్తగారు మళ్ళీ చదవమన్నారు. రెండోసారి విని కత్తెర కింద పెట్టారు.

“ఎడమచేతి వాటంవాడైతే మాత్రం, కోటుకు రెండు ఎడమ చేతులు కుట్టించుకుంటాడా?”

భర్త, ఆ మాట కూడా పుస్తకంలో రాయాలని ఉందా అని భయపడుతూ అడిగాడు. అత్తగారు లేదన్నారు. ఒకసారి చెప్పాక కూడా సరిచేయనివాడి గుడ్డ మళ్ళీ ముట్టుకోనని, అది తన కొట్టు పద్ధతి అని చెప్పారు.

తర్వాతి మంగళవారం పరీక్ష. ఈసారి కోడలు నిజంగా పరాయివాళ్ళనే తెచ్చుకుంది. పది రోజులు గుర్రపుశాలల్లో జీను చూపించాక ప్రతి బృందాన్నీ బతిమాలితే ఏడుగురు ఒప్పుకున్నారు. పరీక్షాధికారి ఆ ఏడుగురి ముక్కులూ జాగ్రత్తగా చూశాడు. ఒకరికొకరు పోలిక లేదు. స్టాప్‌వాచీ నొక్కాడు.

ఫౌంటెన్ మోటారు బాగైంది. నీరు తొమ్మిది అడుగులు ఎగిరింది. ఆమె ఇరవై అంది. మెట్లెక్కి గీత మీద నిలబడింది, వీపు తోట వైపు. కొత్త పేజీలో ఉన్నదంతా చెప్పింది. ఏడుగురిలో ఒకాయన తోటను పరీక్షగా చూసి, తెలిసినవాళ్ళు చెబితేగానీ ఇలాంటివి మనకు తెలియవని పక్కాయనతో అన్నాడు. యాభై మూడు నిమిషాల్లో ముగిసింది. పది సెకన్లు తగ్గినందుకు రావలసిన లాభం కంటే అది ఎక్కువ. తొమ్మిదో మజిలీ దగ్గర ఆమె తొందరగా కదిలింది.

సాయంత్రం కొట్లోకి వచ్చి మెళ్ళో ఉన్న కార్డు తీసి బల్ల మీద పెట్టింది. లైసెన్సు కార్డు. ఫోటో, అంకె, ముద్ర. రేపటినుంచి తోటలోకి తీసుకెళ్ళే బృందాలు ఆమెవి. వదిన ఫోనులో విని, అమ్మని మాత్రం టికెట్టు కొననివ్వొద్దంది. అత్తగారు మిషను ఆపలేదు.

“ఎన్ని మార్కులు?”

“తొంభై మూడు.”

“పాఠంలో తప్పావా?”

“లేదు. నలభైకి నలభై వేశారు.”

అత్తగారు మిషను ఆపారు. “మరి ఆ ఏడు ఎక్కడ పోయాయి?”

“గొంతులో. పదికి మూడే వచ్చాయి. రాజుగారి ఎడమచెయ్యి దగ్గర మాట లోపలికి పోయిందట. ఒక్క ముక్క వినపడలేదని వెనకవాళ్ళు ముగ్గురు రాశారు.”

అత్తగారు సూది కింద ఉన్న గుడ్డను కాస్త ముందుకు జరిపి, కుట్టు సరిగా పడిందో లేదో చూసుకున్నారు.

“ఏడు తక్కువేమీ కాదు,” అని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టారు.